సర్వరు పెడతానంటున్న నీకు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "మన పోస్టులకూ సందేశాలకూ పెద్ద కంపెనీలెందుకు, మనమే ఒక సర్వరు పెట్టుకుంటే పోలేదా?" అని ఎంత తేలిగ్గా అడిగావురా! ఈ సంసారం మొదలుపెట్టి ఏళ్లవుతోంది కనుక కాస్త వివరంగానే రాస్తాను. టీ పెట్టుకుని కూర్చో.

2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారినప్పుడు నాకూ ఆవేశం వచ్చింది. చిన్న యంత్రం అద్దెకు తీసుకుని ఒక్క ఆదివారంలో మాస్టొడాన్ ఎక్కించేశాను. ట్విట్టర్‌లాంటిదే, కానీ ఎవరి సర్వరు వాళ్లు పెట్టుకోవచ్చు, ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఉండేది నేను, తమ్ముడు, వాడి స్నేహితుడు. ముగ్గురికి ఎంత చోటు కావాలిలే అనుకున్నాను. మూడో వారానికల్లా డిస్కు నిండి సర్వరు చతికిలబడింది! తీరా చూస్తే మా ఫొటోలు అందులో పిడికెడు కూడా లేవు. మేము అనుసరించేవాళ్లు వేరే సర్వర్లలో పెట్టిన బొమ్మలకూ వీడియోలకూ అది మా దగ్గర నకళ్లు దాచుకుంటోంది. ఇల్లు మాది, సామాను ఊరందరిదీ. పాత నకళ్లు ఇన్ని రోజులకు తీసేయమని సెట్టింగుల్లోనే చెప్పవచ్చు. ఆ సంగతి నేను చూసుకుంటేగా!

బుద్ధి రాక తర్వాత చాటింగు కోసం మ్యాట్రిక్స్ అనేది పెట్టాను. వేలమంది ఉన్న చాట్ గదిలో నేనొక్కణ్నే చేరాను. అక్కడ గదికి యజమాని సర్వరంటూ ఉండదు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరికి ఏ అధికారం ఉంది అన్న లెక్క పాల్గొనే ప్రతి సర్వరూ స్వయంగా తేల్చుకోవాలి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, ఒక జీబీ మెమరీతో నెట్టుకొచ్చేవాడికి మాత్రం నరకం.

పెట్టి తీరాలనుకుంటే మాత్రం నా మాట విని ఎక్స్‌ఎంపీపీతో మొదలుపెట్టు. అదీ సందేశాలు పంపుకునే పద్ధతే. 1999లో జాబర్ పేరుతో పుట్టిన ముసలిది, తిండి తక్కువ. దాన్ని నడిపే ప్రోసడీ అనే సర్వరు ప్రోగ్రాము నా యంత్రంలో ఒక మూలన ఉన్నట్టే తెలియదు. అమ్మ ఫోనులో దానికి పనికొచ్చే కాన్వర్సేషన్స్ యాప్ పెట్టాను, ఆవిడ వాట్సాప్‌లాగే వాడేస్తోంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ చాలదా అంటావేమో. మన ఇళ్ల ఇంటర్నెట్‌లో చాలాచోట్ల ఒకే చిరునామాను ఎందరో పంచుకుంటారు, బయటివాళ్లు నేరుగా నీ తలుపు తట్టలేరు. అద్దె యంత్రమే నయం. సొంత ఈమెయిలు సర్వరు జోలికి మాత్రం వెళ్లకు, అన్నీ సరిగ్గా అమర్చినా నీ ఉత్తరాలు తరచు స్పాములోకి పోవచ్చు. సర్వరుకు డొమైన్ పేరు, అంటే 'ఫలానా.కామ్' లాంటిది, కూడా తొందరపడి పెట్టకు. ఖాతాలన్నీ దానితోనే ముడిపడతాయి, పచ్చబొట్టులాగా తర్వాత చెరపలేవు.

ఒక రాత్రి తమ్ముడి స్నేహితుడు ఫోను చేసి, "అన్నా, నేను మాస్టొడాన్‌లో విడిగా పంపే సందేశాలు మీకు కనిపిస్తాయా?" అని అడిగాడు. చదవను, కానీ డేటాబేసు తెరిస్తే చదవగలను అని ఉన్నమాట చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ అబ్బాయి ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. ఆ రోజు నుంచి సర్వరులో లాగిన్ అయిన ప్రతిసారీ ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

సంక్రాంతి సంగతీ చెప్పాలి. సర్వరు అసలుదేనని యాప్‌లకు రుజువు చూపే సర్టిఫికెట్టు ఒకటుంటుంది. నాది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చింది, అప్పట్లో దాని గడువు 90 రోజులు. అది తనంతట తానే కొత్తదయింది, కానీ ప్రోసడీకి ఆ కబురు చేరలేదు. గడువు తీరిన పాతదే పట్టుకుని కూర్చుంది. నేనేమో రైల్లో, సిగ్నల్ లేదు. అమ్మ ముగ్గు ఫొటో ఎవరికీ వెళ్లలేదు. "అందరిలా ఉంటే నీకేం పోయిందిరా?" అని రెండు రోజులు సాధించింది.

అందుకే నీకు వేరే సర్వరు వద్దంటాను. నా దానికే రెండో తాళంచెవి, అంటే లాగిన్ అయి చూసుకునే అధికారం, నీకిస్తాను, తీసుకో. బ్యాకప్ రాత్రికి రాత్రి నీ కంప్యూటర్‌లోకి వచ్చేలా అమరుస్తాను, అది మాత్రం ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతానులే. వచ్చే నెల 12 నుంచి నాలుగు రోజులు నేను మళ్లీ ఊళ్లో ఉండను. అమ్మ నంబరు నీ దగ్గర ఉందిగా?

నీ
పాత గదిమిత్రుడు