పాత ఈఎల్84 వాల్వు జతలు ఇక ఇవ్వడం లేదు: అడ్వాన్సు కట్టినవాళ్ళు తప్పక చదవండి

అనంతపురం, ధర్మవరం, తాడిపత్రి వైపు నుంచి మన షాపుకు వాల్వు (గాజు గొట్టం) రేడియోలు, యాంప్లిఫయర్లు రిపేరుకు తెచ్చే అందరికీ నమస్కారం. యాంప్లిఫయర్ చివర స్పీకరును నడిపే వాల్వు ఈఎల్84, అందులో ముల్లార్డ్ కంపెనీ పాత జతల కోసం అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్నవాళ్ళు కొందరున్నారు. ఆ జతలు ఇవ్వడం లేదు. ఈ లాటు ఒక్కటే కాదు, యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో పాత వాల్వులు వేయడం ఇకమీదట మానేస్తున్నాను. నా మాట నమ్మి డబ్బు కట్టారు కాబట్టి కారణం పూర్తిగా తెలియాలి.

సరుకు పంపింది చాలా ఏళ్ళుగా నాకు పాత వాల్వులు ఇస్తున్న ఒక డీలరు. పెట్టె విప్పగానే అనుమానం వచ్చింది. గాజు మీద తెల్ల అక్షరాలు మరీ కొత్తగా ఉన్నాయి. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో తయారైన ముల్లార్డ్ వాల్వుకు కిందివైపు గాజు మీద సన్నటి బూడిదరంగు కోడ్ ఉంటుంది. ముందు బ్లాక్‌బర్న్‌కు గుర్తుగా బి అక్షరం, తర్వాత సంవత్సరానికి ఒక అంకె, నెలకు ఒక అక్షరం, వారానికి ఒక అంకె. పైన కంపెనీ పేరు చేతులు తగిలి చెరిగిపోయినా ఆ కోడ్ మామూలుగా మిగిలే ఉంటుంది. వీటిలో చాలావాటికి అంతా తలకిందులు. పేరు తళతళలాడుతోంది, కోడ్ ఉండాల్సిన చోట గాజు గీకేసి ఉంది. మ్యాచ్‌డ్ పెయిర్ (రీడింగులు సరిపోయే జత) అని కట్టిన ఒకదానిలో లోపలి ప్లేట్లు రెండూ రెండు రకాలు. అదే పెట్టెలో జర్మన్ కంపెనీ టెలిఫంకెన్ పేరుతో ఒక ఈసీసీ83 (మొదటి స్టేజీలో సన్నటి సిగ్నల్‌ను పెంచే వాల్వు) కూడా ఉంది. టెలిఫంకెన్ సొంత ఫ్యాక్టరీలో చేసినదైతే అడుగున పిన్నుల మధ్య గాజులోనే డైమండ్ గుర్తు కనిపించాలి. దానికి లేదు.

ఫోన్ చేసి అడిగాను. ఆయన కాదనలేదు. "అనంతపురంలో అంత పరీక్షగా చూసేవాళ్ళు ఎవరున్నారన్నా, వేసేయ్" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. కడప రేడియో స్టేషన్ కోసం మీడియం వేవ్ సెట్టు ఇంకా జాగ్రత్తగా చూసుకునేవాళ్ళు మన దగ్గరకు వస్తారు. అరగంట పాడాక వయొలిన్ గొంతు మారుతోంది, ఏ వాల్వో చూడు అని చెప్పి పోయినవాళ్ళున్నారు, చూస్తే వాళ్ళు చెప్పినట్టే ఉంది. వీళ్ళను పట్టుకుని చూసేవాళ్ళు లేరంటాడా? ఆయనతో లెక్క అక్కడితో ముగిసింది. సరుకు వెనక్కి తీసుకోనన్నాడు, నేనూ రెండోసారి అడగలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ఆ లాటులో కొన్ని వాల్వులు నిజంగా బాగున్నాయి. ప్లేటుకు, స్క్రీనుకు 250 వోల్టులు, కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు మైనస్ 7.3 వోల్టులు ఇస్తే ఈఎల్84 సుమారు 48 మిల్లీయాంపులు తీసుకోవాలి. కొన్ని దాదాపు అంతే చూపించాయి. దొంగ పేరు తుడిచేసి, పాత ఈఎల్84, రీడింగు ఇంత అని చీటీ అంటించి సగం ధరకు ఇచ్చేయొచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. పెట్టిన డబ్బూ కొంత చేతికొస్తుంది. రాత్రిళ్ళు దీని గురించే ఆలోచించాను. ఇద్దామని ఒకసారి చీటీలు కూడా రాశాను.

వద్దనుకున్నది పేరు కోసం కాదు, గ్రిడ్ కరెంటు చూశాక. బాగున్నాయనుకున్న వాల్వులను గంటల తరబడి వేడి మీద ఉంచి మళ్ళీ చూస్తే, కొన్నిటిలో గ్రిడ్ కరెంటు మెల్లగా పెరుగుతోంది. లోపల గ్యాస్ చేరిందని అర్థం. గాజు లోపల పైభాగంలో ఉండే వెండిరంగు పూత చెక్కుచెదరకపోయినా ఇది జరుగుతుంది. పూత పాలలా తెల్లబడితే గాలి దూరిందని ఎవరైనా చెప్పేస్తారు, ఇది మాత్రం చల్లగా ఉన్నప్పుడు కనబడదు. ఆ కరెంటు గ్రిడ్ రెసిస్టర్‌లో పారేకొద్దీ బయాస్, అంటే గ్రిడ్ మీది మైనస్ వోల్టేజీ, తగ్గిపోతుంది, వాల్వు ఇంకా ఎక్కువ లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, చివరికి ప్లేటు ఎర్రబడుతుంది. ఈఎల్84 ప్లేటు తట్టుకునేది 12 వాట్లే. వాల్వు పోతే ఇంకోటి తెస్తాను. దానితోపాటు 1960ల నాటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అలాంటిది నేను ఎక్కడ తేగలను? పైగా మన దగ్గర రాత్రి లోడు తగ్గాక కరెంటు 240 దాటడం మీకూ తెలుసు. 220 వోల్టుల ట్యాపింగుకు కలిపిన పాత సెట్లో లోపలి వోల్టేజీలన్నీ దాంతోపాటే పెరుగుతాయి.

అందుకని అవుట్‌పుట్‌కు కొత్తవే. స్లొవేకియాలో చేసే జేజే, లేకపోతే రష్యాలో సరాటోవ్ ఫ్యాక్టరీ సరుకు. రష్యా సరుకు 2022లో ఆగి మళ్ళీ వచ్చింది గానీ ధర పెరిగింది, అది నా చేతిలో లేదు. జతను నేనే వేడి మీద ఉంచి, రీడింగు రాసి ఇస్తాను, ఆరు నెలల పూచీ నాది. ఇంకా పెద్ద వాల్వు ఈఎల్34 ఉన్న సెట్లకు, పాట లేనప్పుడు లాగే పవరు ప్లేటు తట్టుకునే 25 వాట్లలో 70 శాతం దాటకుండా బయాస్ పెడతాను. అంటే ప్లేటు మీద 450 వోల్టులుంటే సుమారు 39 మిల్లీయాంపులు. ఎక్కువ పెడితే సౌండ్ బాగుంటుందని ఒత్తిడి చేయొద్దు, పెట్టను. ముందు స్టేజీ డీసీ వోల్టేజీ గ్రిడ్‌కు రాకుండా ఆపే కప్లింగ్ కండెన్సర్ లీక్ అవుతోందేమో చూడకుండా కొత్త జత ఎక్కించడం కూడా మన షాపులో జరగదు.

కొత్తవి కాస్త పదునుగా వినిపిస్తాయని ఒక పెద్దాయన కోప్పడ్డారు. ఆయన చెవిని నేను కాదనను. అందుకే మొదటి స్టేజీలో పాతదే వేద్దాం. అక్కడ ఈసీసీ83 మీద భారం తక్కువ, మంచిదైతే ఏళ్ళు నడుస్తుంది, తేడా కూడా అక్కడే బాగా తెలుస్తుంది. ముల్లార్డ్ పేరే కావాలని పట్టుబట్టకండి. బెంగళూరు బీఈఎల్ పాత ఈసీసీ83లు నా దగ్గర ఉన్నాయి, హమ్ (గుయ్‌మనే మోత) లేనివి, తట్టినా మోగనివి ఏరి పెట్టాను. ఖరీదైన పేరు పక్కన పెట్టి వినిపిస్తాను, మీరే తేల్చుకోండి.

రేడియో సెట్లవాళ్ళకు ఏ మార్పూ లేదు. ఈసీహెచ్81, ఈబీఎఫ్89 లాంటివి ఇప్పుడు కొత్తగా ఎవరూ తయారుచేయడం లేదు, పాత స్టాకే దిక్కు. వాటి మీద అంత వేడి ఉండదు, ఉన్నన్నాళ్ళు ఇస్తూనే ఉంటాను.

అడ్వాన్సు కట్టినవాళ్ళు రశీదు తెస్తే మొత్తం తిరిగి ఇస్తాను, లేకపోతే కొత్త జతకు సర్దుకోవచ్చు. సెట్టు తెచ్చేటప్పుడు వాల్వులు తీసి, ఏ సాకెట్‌ది ఏదో చీటీ రాసి, విడిగా గుడ్డలో చుట్టి తీసుకురండి. ఆ దొంగ లాటు షాపులోనే ఉంది. గీకిన గాజు ఎలా ఉంటుందో చూడాలనుకుంటే అడగండి, చూపిస్తాను.