పిల్లలే లేని బోధనాభ్యాసం: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను సంగీత ఉపాధ్యాయ శిక్షణలో చివరి సంవత్సరం చదువుతున్న ఛాత్రోపాధ్యాయుణ్ణి. శిక్షణలో భాగంగా మమ్మల్ని బడికి పంపి పిల్లలకు పాఠం చెప్పించే బోధనాభ్యాసం గురించి ఇదివరకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు, రెండోదాన్ని ‘తగు చర్య నిమిత్తం’ మరో విభాగానికి పంపినట్లు తెలిపారు, మూడోది ఎక్కడుందో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఈ బోధనాభ్యాసం ఉద్దేశాలు తమకు తెలిసినవే కనుక మళ్లీ వల్లించను.

ఒక్కొక్కరికి ఒక్కో తరగతి పిల్లలను అప్పగిస్తామని, సంగీతోపాధ్యాయుల పర్యవేక్షణలో వారికే చివరిదాకా పాఠం చెప్పనిస్తామని మాకు మాట ఇచ్చారు. నన్ను పంపిన బడిలో సంగీతోపాధ్యాయుల పోస్టే ఖాళీగా ఉంది. టైంటేబుల్లో సంగీతం పీరియడు ఉంది కానీ, అందులో లెక్కలు చెబుతారు. సెలవు పెట్టినవారి తరగతుల్లో అల్లరి జరగకుండా చూడటం, వార్షికోత్సవానికి ఏరిన ఎనిమిది మందికి ఒకే పాటను రోజుల తరబడి వల్లె వేయించడం నాకు దక్కిన పనులు. తక్కిన పిల్లలు కిటికీ దగ్గర నిలబడి విన్నారు. ఇదంతా బోధన కిందే లెక్కకట్టి, నా రికార్డులో గంటలు నిండినట్లు సంతకం చేశారు. సంతకం విషయంలో మాత్రం ఎవరూ ఆలస్యం చేయలేదని ఒప్పుకోవాలి.

ఒకే ఒక్కసారి రెండో తరగతి పిల్లలు నాకు దొరికారు. అలవాటు కొద్దీ నా గొంతుకు సరిపడే ఒకటిన్నర శృతిలోనే (పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు) మొదటి సరళీ వరుస, అంటే సంగీతంలో తొలి స్వరపాఠం, ఎత్తుకున్నాను. సగం మంది నా స్థాయిని అందుకోబోయి గొంతులోనే గొణిగారు, కొందరు పై స్థాయికి ఎగిరారు, ముందు వరుసలోని పాప మెడ మీద చెయ్యి పెట్టుకుని, “మాస్టారూ, కిందికి రావట్లేదు” అంది. శృతిపెట్టెను వాళ్ల గొంతుకు తగిన ఆరు శృతికి మార్చాక గొంతులు కలిశాయి. అయితే ఆ వరుస పాడే మాయామాళవగౌళ రాగంలో షడ్జమానికి (స) ఆనుకుని ఉండవలసిన శుద్ధ రిషభం (రి) వాళ్ల నోట పైకి జారి, దాని పై మెట్టయిన చతుశ్రుతి రిషభమైపోతోంది. ఈ రాగంలో పూర్వాంగానికీ (స రి గ మ) ఉత్తరాంగానికీ (ప ద ని స) స్వరాల ఎడం ఒకటేనని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న నాకు, ఆ జారుడును ఎలా ఆపాలో తోచలేదు. చివరికి గ, రి, స అంటూ పైనుంచి మెల్లగా దింపితే నలుగురైదుగురికి కుదిరింది. మిగతావారికి కుదిరేలోగా లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు.

శృతి సంగతి నాకు ఆ పాప చెప్పింది, ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. ఇంగ్లండులో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన, ఒక్కో స్వరాన్ని ఒక్కో ముద్రతో చూపే చేతి సంకేతాల గురించి, వాటిని హంగరీలో కొడాయ్ సంగీత బోధనా పద్ధతి స్వీకరించిన తీరు గురించి మేము పేజీలకు పేజీలు రాయగలం. వాటిని చూపించడానికి ఎదురుగా ఒక్క పిల్లవాడినైనా కూర్చోబెట్టరు. ఈత గురించి రాయించి ఈతగాడని పట్టా ఇస్తే ఎవరైనా నవ్వుతారు కదా, మరి మా పట్టాలను చూసి ఎవరూ ఎందుకు నవ్వడం లేదో తమరే సెలవివ్వాలి.

ఉన్న సంగీతం పీరియడును సంగీతానికే ఉంచమని ఆదేశించండి. సంగీతోపాధ్యాయులు లేని బడికి మమ్మల్ని పంపకండి, లేదా ముందు ఆ పోస్టు నింపండి. ఏదో ఒకటి చేయండి మహాశయా, నాలుగో అర్జీ రాసే ఓపిక నాకు లేదు. ఈ విద్యా సంవత్సరంలో ఇంకా కొన్ని వారాలు మిగిలి ఉన్నాయి, ఆ రెండో తరగతి పిల్లలకు రిషభం ఇంకా కుదరలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక సంగీత ఛాత్రోపాధ్యాయుడు