ఆయిల్ రేటు పెరిగితే కొలువులు పెరుగుతయా?

మాసబ్ ట్యాంక్, హైదరాబాద్
ఆదివారం పొద్దుగాల

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చదివి రెండు దినాలైంది. “ఆయిల్ రేటు పెరిగింది, గల్ఫ్‌ల మస్తు పనులున్నయని ఏజెంటు చెప్తుండు, తమ్ముణ్ణి పంపాల్నా?” అని అడిగినవ్. ఒక్క ముక్కల చెప్పే ముచ్చట కాదు, అందుకే కూసొని రాస్తున్న.

మా అన్న సంగతి నీకెరికే. సౌదీల షట్టరింగ్ కార్పెంటర్. 2014 నడుమ బ్యారెల్ 100 డాలర్లు దాటినప్పుడు, వద్దన్నా ఓవర్‌టైం దొరికేది. 2016 మొదట్ల అదే బ్యారెల్ 30 లోపటికి దిగింది. సర్కారు కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది, కంపెనీ అన్నోళ్లకు జీతాలాపింది. ఏడు నెలలు క్యాంపులనే కూసున్నడు. ఇఖామా (అక్కడ ఉండనీకి ఇచ్చే పర్మిట్) రెన్యువల్ కాలే, బయటికి పోదామంటే భయం. ఇక్కడ ఫోన్ మోగితే అమ్మ ఉలిక్కిపడేది. అప్పటిసంది నన్ను ఒక్కటే ప్రశ్న తొలిచింది: అన్న ఆయిల్ బావి మొకమే చూడలే, మరి ఆయిల్ రేటు పడితే ఆయన పని ఎందుకు పోవాలె?

చదువంగ చదువంగ అర్థమైంది. ఆయిల్ తీసుడుకు యంత్రాలు, పైపులు, ఇంజినీర్లు కావాలె, మంది అంతగనం అక్కర్లే. కొలువులు పుట్టేది ఆ పైసలు ఖర్చుపెట్టే కాడ: రోడ్లు, మాల్‌లు, హోటళ్లు, ఇంటి పనులు, సర్కారీ ఆఫీసులు. అక్కడి పౌరులల్ల చానామందికి సర్కారు కొలువు, మనోళ్లకు కట్టుడు పని, డ్రైవింగు. రేటు పడ్డనాడు తన పౌరుని జీతం ముట్టుకోవాలంటే సర్కారు జంకుతది. కొత్త బిల్డింగు ఆపుడు సులువు. గందుకే తొలి దెబ్బ మన జగిత్యాల, సిరిసిల్ల పోరగాండ్లకే.

ఇంకో నష్టం బూమ్ నడుస్తున్నప్పుడే లోపల్లోపల అయితది. నెదర్లాండ్స్‌ల 1959ల గ్రోనింగెన్ కాడ గ్యాస్ దొరికింది. ఆ ఎగుమతులతోని వాళ్ల కరెన్సీకి బలమొచ్చింది. దాంతోని వాళ్ల ఫ్యాక్టరీ సరుకు బయటోళ్లకు పిరమైంది, ఫ్యాక్టరీల కొలువులు తగ్గినయి. ఎకానమిస్ట్ పత్రిక 1977ల దీనికి ‘డచ్ డిసీజ్’, అంటే నెదర్లాండ్స్ రోగం, అని పేరు పెట్టింది.

నైజీరియా కథ చదివిన రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలే. కానో పట్నంల పల్లి బస్తాలు పిరమిడ్ల లెక్క పేర్చేటోళ్లు, ఎగుమతికి. 1970లల ఆయిల్ పైసలొచ్చినయి. కైకిలోళ్లు పట్నంల కట్టుడు పనికి పోయిండ్రు, బయటి తిండిగింజలు అగ్గువకు దొరికినయి, కరువూ తెగులూ తోడైనయి. పల్లి పిరమిడ్లు మాయమైనయి. పనులు మస్తున్నప్పుడు ఘనా నుంచి లక్షలమంది వచ్చిండ్రు. రేటు పడ్డంక, 1983 జనవరిల, వాళ్లను దేశం ఇడిచి పొమ్మన్నరు. గళ్ల ప్లాస్టిక్ సంచులల్ల బట్టలు కుక్కుకొని పోయిండ్రు. ఆ సంచులకు అక్కడ ఇప్పటికీ ‘ఘనా మస్ట్ గో’ (ఘనావోళ్లు పోవాలె) అనే పేరు. శంషాబాద్‌ల అన్న దిగినప్పుడు చేతిల ఉన్నది అసొంటి సంచే రా.

నార్వే జాగ్రత్తపడ్డది. ఆయిల్ పైసలు ఫండ్‌ల వేసి బయటి దేశాలల్లనే పెట్టుబడి పెడ్తది. ఏటా సగటున దాంట్ల నూటికి నాలుగు మించి వాడొద్దని 2001ల కట్టు పెట్టుకుంది, 2017ల దాన్ని మూడుకు దించింది. మనోళ్లు పొయ్యే దేశాలల్ల కూడ ఫండ్‌లున్నయి, గని కట్టుడు పనులు ఇంకా ఆయిల్ రేటును చూసే పెరుగుతయి, తగ్గుతయి.

తమ్ముడు ఎలక్ట్రీషియన్ గదా. పోవద్దని అంటలే. కొత్త బిల్డింగు వైరింగు కాకుండ మెయింటెనెన్స్ పని చూడుమను: ఆసుపత్రి, నీళ్ల ప్లాంటు, ఏసీలు. కట్టుడు ఆగినా కట్టినదానికి కరెంటు ఆగదు. ఆజాద్ వీసా (స్పాన్సర్ పేరుకే ఉంటడు, పని మనమే ఎతుక్కోవాలె) అంటే మాత్రం వద్దే వద్దు.

వచ్చే ఆదివారం వాణ్ణి తీస్కరా. సంతకం పెట్టకముందే కాగితాలు నాకు చూపెట్టు. అన్న ఇంట్లనే ఉంటడు, క్యాంపు సంగతులు ఆయన్నే అడుగుమను. అమ్మ సర్వపిండి చేస్తనన్నది.

నీ దోస్తు