మాధవికి, మందుల కోర్సు మధ్యలో

చిరంజీవి మాధవికి, అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎండోస్కోపీ రిపోర్టు చదివాను. జీర్ణాశయంలో ఉండే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా పాజిటివ్ అని ఉండటం, దాని గురించి వెతికితే క్యాన్సర్ అన్న మాట కనబడటంతో రాత్రంతా నిద్రపోలేదన్నావు. తెల్లారేసరికి నోరు చేదుగా ఉంది, మందులు ఆపేస్తానన్నావు. నాకు కంగారు పుట్టించింది ఈ రెండో మాటే. ఫోనులో చెబితే సగమే వింటావని రాస్తున్నాను.

ల్యాబ్‌లో దాన్ని పట్టే పరీక్ష ఎన్నో ఏళ్లు చేసినదాన్ని. జీర్ణాశయం లోపలి పొర నుంచి తీసిన ఆవగింజంత ముక్కను యూరియా కలిపిన పసుపుపచ్చ జెల్‌లో పెడతాం. ఈ బ్యాక్టీరియా ఉంటే యూరియాను విరిచి అమ్మోనియా పుట్టిస్తుంది, జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. కొందరి ముక్కలకు నిమిషాల్లోనే రంగు మారేది. అంత ఆమ్లంలో అది బతికేది కూడా ఆ అమ్మోనియా అండతోనే.

జీర్ణాశయంలో ఏ సూక్ష్మజీవీ కాపురం పెట్టలేదని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే వైద్యుడు బయాప్సీ ముక్కల్లో ఈ వంకర బ్యాక్టీరియాను గమనించారు. మరో వైద్యుడు బ్యారీ మార్షల్‌తో కలిసి ల్యాబ్‌లో పెంచబోతే మొలవనే లేదు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లు మామూలు కంటే ఎక్కువ రోజులు ఉండిపోయాయి, అప్పుడు పెరిగింది. అయినా లోకం నమ్మకపోతే 1984లో మార్షల్ దాన్ని తానే తాగి జీర్ణాశయానికి వాపు తెచ్చుకున్నారు! 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నువ్వు చదివి భయపడింది ఇదే.

కానీ ఇది ఒంట్లో ఉన్నవాళ్లలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. మన దేశంలో ఇది చాలామందిలో ఉన్నా, జీర్ణాశయ క్యాన్సర్ జపాన్, కొరియాల కంటే బాగా తక్కువ. వాపు దశాబ్దాలపాటు ఆరకుండా ఉండి, పొర పలచబడి, కణాల తీరు మారితేనే ముప్పు పెరుగుతుంది. నీ బయాప్సీలో వాపు తప్ప అలాంటి మార్పులు లేవని స్పష్టంగా రాశారు. వాపు దగ్గరే దాన్ని ఆపగలగడం ఎంత అదృష్టమో తెలుసా?

నీ స్నేహితురాలు పేగు సూక్ష్మజీవుల పరీక్ష కిట్ గురించి చెప్పిందిగా, కానీ పెద్దపేగు సంగతి వేరు. కోలిబ్యాక్టిన్ అనే విషాన్ని తయారు చేసే ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా రకాలు కణాల డీఎన్‌ఏలో గుర్తులు వదులుతాయి. చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారిలో ఆ గుర్తులు ఎక్కువగా కనిపించాయని 2025లో ఒక అధ్యయనం వచ్చింది. నోట్లో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కూడా కణితుల్లో దొరుకుతోంది. అయితే వీటికి ఇంకా పైలోరీకి ఉన్నట్టు మందుల కోర్సు లేదు. అందుకే ఆ కిట్ కొనకు. ఆ డబ్బుతో పప్పులు, ఆకుకూరలు, జామకాయలు కొను. పీచును పేగులోని మంచి బ్యాక్టీరియా పులియబెట్టి చేసే బ్యూటిరేట్ అనే పదార్థం పెద్దపేగు కణాలకు ఆహారం.

పద్నాలుగు రోజుల మందులూ పూర్తిగా వేసుకో. మధ్యలో ఆపితే మొండికెత్తిన బ్యాక్టీరియా మిగిలి, మళ్లీ ఆ మందులకు లొంగకపోవచ్చు. ఆ మందుల్లోని బిస్మత్ వల్ల మలం నల్లగా వస్తుంది, బెదిరిపోకు. చేదు భరించలేకపోతే డాక్టరుగారికి చెప్పు, నీ అంతట నువ్వు మానకు. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకో. పరీక్షకు ముందు రెండు వారాలు, ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్రలు ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. చాలామంది కడుపు నొప్పి తగ్గగానే ఈ పరీక్ష ఎగ్గొడతారు. నువ్వు ఎగ్గొట్టకు. తేదీ తీసుకున్నాక ఫోను చెయ్యి.

ప్రేమతో
అమ్మ