మడువు ఒడ్డున మా తోట

చెన్నై,
ఆగస్టు 10.

ప్రియమైన మిత్రుడికి,

మొన్న ఫోనులో మాట్లాడుతూ, "రోజూ సాయంత్రం ఆ మురుగు కాలువ పక్కన కూర్చుని ఏం చూస్తుంటావు?" అని నువ్వు అడిగావు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను కానీ, ఆ ప్రశ్నకు జవాబు ఫోనులో చెప్పేది కాదు. సంక్రాంతికి నువ్వూ చెల్లెమ్మా వచ్చినప్పుడు మా తోటలో పది నిమిషాలు కూడా కూర్చోకుండా ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని లేచిపోయారు కదా! అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చదివాక చెప్పు, నాది పిచ్చో కాదో.

ముందుగా ఒక సంగతి. అది మురుగు కాలువ కాదు. మురుగు కలుస్తుంది, కాదనను. దాని పేరు ఒక్కియం మడువు. తమిళంలో మడువు అంటే మన మడుగే. మా ఓఎంఆర్ రోడ్డుకు, అంటే పాత మహాబలిపురం రోడ్డుకు, పడమరగా పళ్ళికరణై అనే చిత్తడి నేల ఉంది. దక్షిణ చెన్నైలోని ఎన్నో చెరువులు నిండి అలుగు పారితే ఆ నీళ్ళన్నీ వచ్చి చేరేది అక్కడికే. అక్కడి నుంచి సముద్రానికి పోవడానికి వాటికి ఉన్న ముఖ్యమైన దారి ఈ మడువు. ఇది రోడ్డు కింద నుంచి దూరి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది, ఆ కాలువ దక్షిణంగా పోయి ముట్టుకాడు దగ్గర కోవళం మొగలో సముద్రాన్ని చేరుతుంది. ఒకప్పుడు కొన్ని వేల హెక్టార్లు ఉన్న ఆ చిత్తడి నేలలో ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. మిగిలిన దానిలో 1,247 హెక్టార్లకు పైగా 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. పోయిన భాగం ఎక్కడికి పోయిందంటావా? దాని మీద ఆఫీసులు, అపార్టుమెంట్లు, ఒక పెద్ద చెత్త దిబ్బ లేచాయి. మా అమ్మాయి కొన్న ఇల్లు కూడా ఆ లెక్కలోదే అయి ఉండవచ్చు. ఆ సంగతి ఇంట్లో ఎత్తితే అల్లుడు మాట మారుస్తాడు.

నీకు నచ్చే విషయం ఇంకొకటి ఉంది. మనం చిన్నప్పుడు పెదగంజాం దగ్గర గట్టు మీద కూర్చుని గాలం వేసిన కాలువ కూడా ఈ బకింగ్‌హాం కాలువే. అక్కడ మొదలై ఒంగోలు, నెల్లూరు తీరాల వెంబడి పులికాట్ మీదుగా మద్రాసు చేరి, ఇంకా కిందికి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు సాగుతుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడం మొదలు పెట్టారు. మన తాతలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 నాటి కరువులో, కూలి కోసం వచ్చిన జనం చేత మద్రాసులోని కూవం, అడయారు నదుల మధ్య ముక్కను తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. మన వైపు నుంచి ఉప్పూ కట్టెలూ పడవల్లో మద్రాసుకు వచ్చిన రోజులు మీ నాన్నగారు చెబుతుంటే విన్నాం. ఇప్పుడు అదే కాలువలో, నగరం మధ్యలో, రైలు వంతెన స్తంభాలు దిగేసి ఉన్నాయి. చూస్తే మీ నాన్నగారు ఏమనేవారో!

ఇక మా తోట కథ. ఈ నగరంలో పదివేల చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఇళ్ళు కడితే అందులో పది శాతం ప్రజల కోసం ఖాళీగా వదిలి అప్పగించాలన్న నిబంధన ఉంది. కట్టేవాడు మంచి ముక్క ఇస్తాడా? తన స్థలంలో అన్నిటికన్నా పల్లపు మూల, మడువుకు ఆనుకుని జమ్ము మొలిచిన బురద నేలను చూపించాడు. మొదట్లో మేమంతా అతణ్ణి తిట్టుకున్నాం. తరువాత కాలనీ సంఘం వాళ్ళు చందాలు వేసుకుని, భవనాలు పడగొట్టిన రాళ్ళూ మట్టీ లారీలతో తోలించి నేలను నాలుగడుగులు ఎత్తు చేయించి, పైన లాన్ పరిపించి, మడువు వైపు ఛాతీ ఎత్తు కాంక్రీటు గోడ కట్టించారు. ఆ తీర్మానం కింద సంతకం చేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పైగా బ్యాంకులో పని చేసినవాడినని లెక్కలు కూడా నాకే అప్పగించారు. గోడ ఖర్చు పైసాతో సహా నాకు గుర్తుంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది కదా. 3, 4 తేదీల్లో మా మీద కుండపోతగా కురిసి, 5న మీ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ నువ్వు నా కోసం, మూడో రోజు నేను నీ కోసం ఫోను కలవక అల్లాడిపోయాం. నీకు నేను అప్పుడు చెప్పనిది ఒకటుంది. మొదటి కొన్ని గంటలు మా గోడ మడువు నీళ్ళను చక్కగా ఆపింది, మేమంతా బాల్కనీల్లో నిలబడి మురిసిపోయాం. రాత్రికి నీళ్ళు రోడ్డు వైపు నుంచి తిరిగి వచ్చాయి. లోపలికి వచ్చిన నీళ్ళకు బయటికి దారి లేదు, ఎందుకంటే పల్లపు మూలను మేమే ఎత్తు చేశాం, దాని వెనకాల గోడ కూడా కట్టాం. మడువులో నీటి మట్టం తగ్గిన తరువాత కూడా మా భూగర్భ పార్కింగులో నీళ్ళు మూడు రోజులు కదలలేదు. కార్లు మునిగాయి, కరెంటు గది మునిగింది, రెండో అంతస్తులో ఆక్సిజన్ మీద ఉన్న ఒక ముసలాయనను రబ్బరు పడవలో దింపారు. నేను కట్టించిన గోడ ఆ మూడు రోజులూ నా ఎదుటే నిలబడి ఉంది.

సముద్రానికి ఆటు పోట్లున్నాయన్న సంగతి తీరంలో పుట్టిన నాకు వేరే ఎవరైనా చెప్పాలా? పోటు సమయంలో కోవళం మొగ దగ్గర సముద్రం నీటిని లోపలికి నెడుతుంది, అప్పుడు కాలువ నీరు పోయే చోటు లేక వెనక్కి ఎగదన్నుతుంది. ఆ కొన్ని గంటలు నీళ్ళకు ఎక్కడో ఒక చోట నిలబడే జాగా కావాలి. మన ఉప్పు కొఠార్ల దగ్గర గట్లకు ఎక్కడ గండి ఉంచాలో, ఎప్పుడు తెరవాలో అక్షరం రాని కూలీలకు తెలుసు. నేను మాత్రం డిగ్రీ చదివి, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి, గండి లేని గట్టు కట్టాను.

ఆ తరువాతి వేసవిలో మనవణ్ణి తీసుకుని అడయారు క్రీక్ ఒడ్డున ఉన్న తొల్కాప్పియ పూంగాకు వెళ్ళాను. అది 58 ఎకరాల తోట. ఒకప్పుడు అక్కడ నగరం చెత్తా శిథిలాలూ పోసేవారు. ఏళ్ళ తరబడి జనం కోర్టుల చుట్టూ తిరిగాక, పోసిన శిథిలాలను తవ్వి తీసి, నీటి గుంటలు చేసి, మడ చెట్లు నాటి 2011లో తెరిచారు. మేము మట్టి తోలి తోట చేస్తే వాళ్ళు మట్టి తీసి తోట చేశారు! మనవడు ఎండ్రకాయలను లెక్కపెడుతుంటే నేను మా గోడను ఎక్కడ పగలగొట్టాలో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

గోడ కట్టడానికి ఒక్క సమావేశం పట్టింది, పగలగొట్టడానికి పదకొండు పట్టాయి. "సార్, కట్టమన్నది మీరే, కొట్టమంటున్నదీ మీరే" అని అందరి ముందూ ఒకాయన అన్నాడు. నిజమే కాబట్టి నేను జవాబు చెప్పలేదు. పాములు వస్తాయన్నారు, దోమలు వస్తాయన్నారు, ఫ్లాట్ల ధర పడిపోతుందన్నారు. ఒకావిడ అయితే గోడ తీస్తే కన్నగి నగర్ పిల్లలు ఇటు నుంచి వస్తారని భయం వెలిబుచ్చింది. నదుల ఒడ్డున గుడిసెలు తీయించి ఈ చిత్తడి అంచుకు తెచ్చి పడేసిన కుటుంబాల పిల్లలు వాళ్ళు. ఈ తోట ప్రజలకు అప్పగించినదే కనుక వాళ్ళదీ అని నేను అంటే సభలో నిశ్శబ్దం ఆవరించింది. చివరికి అనుమతులన్నీ తెచ్చుకుని మూడు చోట్ల గోడ తీసి, మడువు వైపు సగం నేలను మళ్ళీ పాత పల్లానికి దించాం. తీసిన మట్టిలో స్నానాల గదుల పలకలు, ఎవరి ఇంటిదో ఒక గుమ్మం చెక్క దొరికాయి.

ఇప్పుడు కార్తీకంలో గట్టి వాన పడితే ఆ పల్లంలో మోకాలి లోతు నీళ్ళు వారం రోజులు నిలుస్తాయి. ఉయ్యాలలు నీళ్ళలో నిలబడతాయి, లాన్ చచ్చిపోయింది. అది చూసి సణిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పార్కింగులోకి మాత్రం ఆ తరువాత నీళ్ళు రాలేదు, అయితే మిచాంగ్ అంతటి వాన కూడా మళ్ళీ పడలేదు కనుక అది నా గొప్ప అని చెప్పుకోను. లాన్ పోయిన చోట జమ్ము మొలిచింది. నీటికోళ్ళు, నారాయణ పక్షులు, రెండు లకుముకి పిట్టలు రోజూ వస్తాయి. ఈ వేసవిలో ఒక తీతువు కంకర మీద నాలుగు గుడ్లు పెట్టింది. తీతువు అరుపు అపశకునమని మన అమ్మలు తలుపులు వేసుకునేవారు, గుర్తుందా? ఇక్కడ మా కాపలా మనిషి ఆ గుడ్ల చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టాడు. మేము నడిచే దారిని ఇరవై ఎనిమిది రోజులు అటుగా పోనివ్వలేదు.

వాసన సంగతి దాచను. గాలి పడమటి నుంచి తిరిగితే చెత్త దిబ్బ వాసన, నీరు తగ్గితే మురుగు వాసన వస్తాయి. గుర్రపుడెక్క మడువును కప్పేస్తుంది, దాన్ని తమిళులు ఆకాశ తామర అని ఎంతో ముద్దుగా పిలుస్తారు. తీసిన నెలకే మళ్ళీ కమ్ముకుంటుంది. మురుగు కలవడం ఆగితే తప్ప అది ఆగదు, అది మా కాలనీ చేతిలో పని కాదు.

మా చేతిలో ఉన్న పని ఒకటుంది, అందుకు నీ సాయం కావాలి. గోడ తీసిన చోట గట్టు కోసుకుపోతున్నది. సిమెంటు వేద్దామని మళ్ళీ గొణుగుడు మొదలైంది. మన ఊళ్ళో గట్లను పట్టుకుని నిలబెట్టింది తాటి చెట్లే కనుక తాటి టెంకలు పాతుదామని నేను చెప్పాను. తాటి చెట్టు తమిళనాడు రాష్ట్ర వృక్షం కూడా కావడంతో ఎవరూ కాదనలేకపోయారు. ఇప్పుడు మీ దొడ్లో పళ్ళు రాలే కాలం కదా, తిన్నాక టెంకలను పారేయకుండా రెండు గోనె సంచులు బస్సులో వేయించు, వానలకు ముందే పాతిస్తాను. ఒకే ఒక్క భయం. మా మెట్ల వరుసలో గుంటూరు వాళ్ళు నాలుగు కుటుంబాలు, పొంగలికి తేగలు ఉడకబెట్టుకునే తిరునెల్వేలి వాళ్ళు మూడు కుటుంబాలు ఉన్నాయి. సంక్రాంతి దాకా అవి భూమిలో ఉండాలంటే తీతువు గుడ్లకు కట్టినట్టు వీటికీ తాడు కట్టించాలేమో.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. సంచుల మీద నా ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయించు.

ఇట్లు,
నీ మిత్రుడు