నాన్నగారిని సాగనంపిన అందరికీ

నాన్నగారి అంత్యక్రియలకు వచ్చినవారికి, రాలేక ఫోను చేసినవారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కంటి మీద కునుకు లేదు, మాట తడబడితే మన్నించండి. అమ్మకు, అన్నయ్యకు, మేనమామలకు కృతజ్ఞతలు చెబితే వాళ్లు నొచ్చుకుంటారు.

నేను చెప్పవలసింది ఒక పెద్దాయన గురించి. పేరు రాయవద్దన్నారు. నాన్నగారిలాగే సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాసు సాపర్స్‌లో పనిచేశారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తొలగించి మన ట్యాంకులకు దారి చేసిన 9వ ఇంజినీర్ రెజిమెంటు నాన్నగారిది. ఈయనది వేరే యూనిట్. ఇద్దరూ ఏనాడూ ఎదురుపడలేదు. పత్రికలో వార్త చూసి రాత్రికి రాత్రే బస్సెక్కారు.

హడావిడిలో ఎవరో జెండాను తిరగేసి కప్పారు. ఆయన ముందుకొచ్చి, "కాషాయం తలవైపు ఉండాలి బాబూ" అంటూ తిప్పి, ముడతలన్నీ అరచేత్తో సరిచేశారు. చితి దగ్గర, జెండాకు నిప్పు తగలకూడదని పోలీసులతో కలిసి తీసి మడిచి అన్నయ్య చేతిలో పెట్టారు. వణికే చేత్తో సెల్యూట్ చేసి "వెళ్లిరా తంబీ" అన్నారు. మద్రాసు సాపర్లు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. అప్పటిదాకా బిగబట్టుకున్న దుఃఖమంతా ఆ ఒక్క పిలుపుకు కట్టలు తెంచుకుంది.

ఇంత దూరం ఎందుకొచ్చారని తర్వాత అడిగాను. జేబులోంచి మడతల దగ్గర చిరిగిపోయిన ఉత్తరం తీశారు. మాజీ సైనికుడిగా తనకిచ్చిన బంజరు భూమి పట్టా మండల రెవెన్యూ కార్యాలయంలో ఇరుక్కుపోతే, అది తన నియోజకవర్గం కాకపోయినా, అప్పట్లో ఎమ్మెల్యేగా ఉన్న నాన్నగారు ఆ హోదాలో కలెక్టరుకు రాసిన ఉత్తరం ప్రతి అది. ఆ పొలంలోనే పిల్లల్ని చదివించుకున్నారట. నాన్నగారు ఈ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

ఒక్క మాట అనకపోతే నా మనసు ఊరుకోదు. అధికారిక లాంఛనాలకు ఒక కార్యాలయంలో సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం అసలు ప్రతి తెమ్మన్నారు, ఇంకోచోట మాజీ ఎమ్మెల్యే అని ధ్రువపత్రం కావాలన్నారు. ఈ వివరాలన్నీ ప్రభుత్వం దగ్గరే ఉంటాయి కదా! శవాన్ని ఇంట్లో ఉంచుకుని జిరాక్సుల కోసం తిరిగాం. ఊరివాళ్ల కాగితాల కోసం జీవితమంతా ఆఫీసుల మెట్లెక్కిన మనిషికి చివరిరోజున కూడా అదే తిరుగుడా?

అన్నట్టు, బ్యూగిల్ మీద 'లాస్ట్ పోస్ట్' అనే వీడ్కోలు బాణీ ఊదిన పోలీసు తమ్ముడికి కృతజ్ఞతలు. ఎండలో అందరికీ మంచినీళ్లు అందించిన పక్కవీధి పిల్లలకు కూడా. అయ్యో, టెంటు వేసి డబ్బు ముట్టని ఆయనను మరిచేపోయాను. తెల్లవార్లూ ఫ్రీజరు దగ్గర కూర్చున్న అంబులెన్సు డ్రైవరు గారికీ నా నమస్కారాలు.