ఆ 64 బిళ్ళలు వెనక్కి తెచ్చివ్వండి

పోయిన ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా భీమవరంలో మా కొట్లో స్టీలు మెడికల్ బ్రేస్‌లెట్, అంటే మీరు తెలివి తప్పినా వైద్యం చేసేవాళ్ళకి మీ ఆపరేషన్ సంగతి చెప్పే చేతి బిళ్ళ, చేయించుకున్న వాళ్ళకి ఈ కబురు. ఆ బిళ్ళలు తుప్పు పడుతున్నాయి. మొత్తం 64 ఇచ్చాను. 41 వెనక్కి వచ్చాయి, 23 ఇంకా మీ చేతులకే ఉన్నాయి. అన్నిటికీ బదులు కొత్తవి చేసిస్తాను, ఒక్క రూపాయి తీసుకోను. ఎందుకిలా అయిందో మీరు నా నోటే వినాలి, పక్కవాళ్ళ నోట కాదు.

మొదట చూపించింది మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు చేసే ఒక పెద్దాయన. బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని మూడేళ్ళయింది ఆయనకి. ఆగస్టు చివర ఒక సాయంత్రం వచ్చి, చెయ్యి గాజు బల్ల మీద పెట్టి, "దీనిమీద ఏం రాసుందో చదువు బాబూ" అన్నారు. పై వరసలో "నో ఎన్‌ఎస్‌ఏఐడీ" అని ఉండాలి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పుల మందులు ఇవ్వొద్దని దాని అర్థం. లింకు పక్కన మినప్పప్పు బద్దంత తుప్పు మచ్చ. సరిగ్గా "నో" మీద. మిగిలింది "ఎన్‌ఎస్‌ఏఐడీ" ఒక్కటే. అది మాత్రం నల్లగా, శుభ్రంగా, దూరం నుంచి చదివేలా ఉంది.

తెలివి తప్పిన మనిషి చేతికి ఆ బిళ్ళ చూసి, ఆ మందే ఇమ్మని రాసుందనుకుంటే?

ఆయనకి ఆ రోజు నేను చెప్పిన జవాబు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. "రోజూ ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు లాగుతారు కదండీ, ఏ లోహమైనా ఎన్నాళ్ళు ఆగుతుంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. బ్రేస్‌లెట్ మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు. మూడు తరాలుగా మా చేతి పనికి మాట రాలేదన్న పౌరుషం నాచేత అలా అనిపించింది. పన్నెండు రోజులకి పాలకొల్లు నుంచి టీచరమ్మ వచ్చారు. ఆవిడ చెరువు గట్టు తొక్కిన మనిషి కాదు. అదే చోట, అదే మచ్చ. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మొగల్తూరు వెళ్ళి పెద్దాయనకి తప్పు ఒప్పుకుని, ఆ బిళ్ళ తెచ్చుకున్నాను.

ఇక సరుకు సంగతి. బిళ్ళలకి నేను ఆర్డరు పెట్టింది 316ఎల్ స్టీలు. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుస్తుంది. ఉప్పుగాలికి, చెమటకి తట్టుకునేది దానివల్లే. సముద్రం ఇంత దగ్గరున్న మన వైపు అది లేకపోతే పని జరగదు. బిల్లు మీద కూడా 316ఎల్ అనే రాసి ఉంది. నేను అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు, సరే మంచి సరుకే అనుకున్నాను. అక్కడే మోసపోయాను. తక్కువ రకం 202 స్టీలుకి కూడా అయస్కాంతం అంటదు. ఈ వయసులో, ఈ పనిలో ఉండి నాకు ఆ సంగతి తెలియకపోవడం ఏమిటి! మాలిబ్డినం ఉంటే రంగు తేలే టెస్టు మందు ఒకటి దొరుకుతుంది. బిళ్ళ మీద చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనించాలి. వేశాను. ఎంతసేపు చూసినా రంగు తేలలేదు. బంగారం పరీక్షించే మిషన్లో పెట్టించాను. మాలిబ్డినం లేదు, నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ.

పంపిన హోల్‌సేల్ వ్యాపారి పేరు ఇక్కడ రాయను. తొమ్మిదేళ్ళ పరిచయం. ఫోన్ చేస్తే మొదట మాట మార్చాడు, తర్వాత బస్తాలు మారిపోయి ఉంటాయన్నాడు, చివరికి "ఫ్యాన్సీ ఐటమ్‌కి ఇంత రచ్చ ఎందుకండీ, ఇంకో వంద పంపిస్తాలెండి" అన్నాడు. ఫ్యాన్సీ ఐటమ్ అట. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి నాకు కడుపు రగిలిపోయింది. జాతరలో అమ్మే గొలుసు అనుకున్నాడా ఇది? అతను పంపుతానన్న వంద నాకు అక్కర్లేదన్నాను. అతనితో లెక్క ముగిసిపోయింది. ఇప్పుడు తెచ్చిన స్టీలు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌తో వచ్చింది. అయినా ప్రతి రేకుకీ నేనే చుక్క వేసి చూస్తున్నాను.

తప్పంతా అతని మీద తోసెయ్యడం కూడా న్యాయం కాదు. లేజర్‌తో అక్షరం చెక్కినప్పుడు ఆ వేడికి స్టీలు మీద కాపలాగా ఉండే పల్చటి పొర కాలిపోతుంది. తర్వాత సిట్రిక్ యాసిడ్ నీళ్ళలో నానబెడితే మళ్ళీ ఏర్పడుతుంది. మంచి స్టీలే కదా అని నేను ఆ పని మానేశాను. లింకు పక్కన చెమట నిలుస్తుంది, "నో" అనే మాట అక్కడే ఉంది. తుప్పు అందుకే అక్కడ మొదలైంది.

అసలు ఈ పని నేను మొదలుపెట్టింది మా అక్క కోసం. 2019లో హైదరాబాద్‌లో అక్కకి బైపాస్ చేశారు. ఆ ఆపరేషన్లో పొట్ట పై భాగంలో చిన్న సంచి, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేంత, విడిగా ఉంచి దానికి పేగు కలుపుతారు. ఆ అతుకు దగ్గర నొప్పుల మందులకి పుండు పడుతుంది, రక్తం పోవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. ముక్కులోంచి గొట్టం మామూలు పొట్ట అనుకుని గుడ్డిగా దింపితే ఆ చిన్న సంచికి ప్రమాదం. బయటికి చూస్తే ఇదేమీ తెలియదు. నాలుగు చిన్న మచ్చలు, అంతే. అందుకే డాక్టరుగారు చేతికి గుర్తు ఏదైనా వేసుకోమన్నారు. అమెరికాలో ఒక డాక్టరు తన కూతురికి ధనుర్వాతం ఇంజెక్షన్ పడక ప్రాణం మీదికి వస్తే, ఇలాంటి బిళ్ళలకి 1956లో ఒక సంస్థే పెట్టారు. మన ఊళ్ళో అడిగితే దొరకలేదు. అక్కకి వెండిలో నేనే చేశాను. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు వచ్చారు.

ఇప్పుడు నన్ను రెండు నెలలు తిన్న సంగతి. కొత్త బిళ్ళ మీద ఏం రాయాలి?

మళ్ళీ "నో" అని రాయడానికి చెయ్యి రాలేదు. మంచి స్టీలైనా రోడ్డు మీద గీసుకుపోవచ్చు, బురద పట్టవచ్చు. ఒక్క మాట చెరిగితే అర్థం తిరగబడే రాత నేను ఇక రాయను. ఉత్త "గ్యాస్ట్రిక్ బైపాస్" అని ఆపరేషన్ పేరు, సంవత్సరం రాస్తే చాలు, పెద్దాసుపత్రి డాక్టరుకి మిగతాదంతా తెలుసు అన్నారు కొందరు. నిజమే. కానీ మన పల్లెల్లో నడుం పట్టేసిందంటే ముందు వచ్చేది ఆర్‌ఎంపీ. ఆయన సంచిలో ఎప్పుడూ ఉండేది డైక్లోఫెనాక్ ఇంజెక్షనే. ఆయనకి తెలుగులో చెప్పాలి. "ఇవ్వొద్దు", "చెయ్యొద్దు" అని కాగితం మీద రాసి చూశాను. మన భాషలో వద్దన్న సంగతి మాట చివర ఉంటుంది, ఆ చివర మళ్ళీ లింకు పక్కకే వస్తుంది. పైగా రెండు మిల్లీమీటర్ల అక్షరంలో "ద్దు" రాస్తే ఒత్తు పూడిపోయి చుక్కలా కనిపిస్తోంది. పదహారు రేకులు పాడుచేశాను. భూతద్దం పెట్టుకుని ఒక్క ఒత్తు కోసం రాత్రి పదకొండు దాకా కూర్చున్న రోజులున్నాయి.

అక్క చూసి అంది, "ఒరేయ్, నొప్పుల ఇంజెక్షన్ పడదు అని రాయి. పడదంటే మన ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరు?" అంత చిన్న మాట నాకు తట్టలేదు. చివరి అక్షరం పోయినా చెయ్యమన్న అర్థం రాదు. "డ"కీ "దు"కీ ఒత్తు లేదు, శుభ్రంగా తెగుతుంది. ఎలర్జీ అనుకుంటారేమో అని ఒక భయం ఉండేది. అక్క డాక్టరుగారినే అడిగాం. ముందువైపు ఆపరేషన్ పేరు ఉంటుంది కాబట్టి అలా అనుకున్నా నష్టం లేదన్నారు.

కాబట్టి కొత్త బిళ్ళకి ముందువైపు ఇంగ్లీషులో మీ పేరు, ఆపరేషన్ పేరు, సంవత్సరం, ఇంట్లో వాళ్ళ ఫోన్ నంబరు. వెనకవైపు తెలుగు. రెండువైపులా లింకు దగ్గర నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదిలేస్తున్నాను. తెలుగు వైపు లేజర్ వాడను, ఉలితో చేత్తోనే చెక్కుతాను. రోజుకి ఏడెనిమిది కంటే కావు, తొందర పెట్టకండి.

డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ తప్పకుండా తేవాలి. "ఏదో పొట్ట ఆపరేషన్ అండి" అంటే చెక్కను. స్లీవ్ అంటే పొట్టలో ముప్పావు వంతు పైగా కోసి తీసేయడం, బైపాస్ దారి వేరు. మందుల విషయంలో రెండిటికీ ఒకటే రాత కుదరకపోవచ్చు, మీ డాక్టరు రాసిందే నేను రాస్తాను. పేరు, ఫోన్ నంబరు చాలు, ఆపరేషన్ సంగతి వద్దు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం అని అడిగే తల్లులున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. బిళ్ళ ముందువైపు ఎర్రటి ఆసుపత్రి గుర్తు ఒక్కటే వేసి రాతంతా లోపలివైపు పెడతాను. అసలు రాయకుండా మాత్రం ఇవ్వను. ఆ ఫోన్ స్విచాఫ్ అయి ఉంటే ఆ పిల్లకి దిక్కెవరు? దీనివల్ల బేరాలు పోతాయని మా ఆవిడ చెప్పింది. పోనివ్వండి.

వదులైపోయిన వాళ్ళు లింకులు తీయించుకోవడానికి ఎప్పుడైనా రండి. మొదటి ఏడాది మణికట్టు సన్నబడే తీరుకి రెండు మూడు లింకులు తేలిగ్గా తగ్గుతాయి. దానికి ఎప్పుడూ డబ్బు తీసుకోలేదు, ఇక ముందూ తీసుకోను. వెండి కావాలన్న వాళ్ళకి తేడా డబ్బు మాత్రం పడుతుంది. డబ్బు వాపసు కావాలన్నా ఇస్తాను, బాధపడను అని మాత్రం అనలేను.

కొత్త బిళ్ళల్లో ఒకటి ఆ పెద్దాయన చెరువు తూము దగ్గర నైలాన్ తాడుకి కట్టి 45 రోజులు ఉప్పునీళ్ళలో వేలాడదీశాం. ఆయనే అడిగి కట్టించుకున్నారు. నాచు పట్టింది, తుడిస్తే పోయింది. మచ్చ లేదు. అది ఇప్పుడు బల్ల మీద పెట్టాను, వచ్చినప్పుడు చూడండి.

మిగిలిన 23 మంది సంక్రాంతి లోపు రండి. పండక్కి చుట్టాలు పూతరేకులు, అరిసెలు చేతిలో పెట్టి తినమంటారు. తీపి ఎక్కువైతే చెమటలు పట్టి కళ్ళు తిరగడం మీలో చాలామందికి తెలిసిందే. ఆ జనంలో మీ సంగతి తెలిసినవాళ్ళు పక్కన ఉంటారో లేదో. ఈలోగా మీ చేతి బిళ్ళ వెలుతురులో పెట్టి చూసుకోండి. "నో" చదవగలిగేలా ఉంటే అలాగే ఉంచుకోండి. మచ్చ కనిపిస్తే వెంటనే తీసేసి, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ మడిచి పర్సులో పైకి కనిపించేలా పెట్టుకోండి. రాలేని వాళ్ళు బిల్లు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే, నర్సాపురం, పాలకొల్లు, ఆకివీడు ఎటైనా ఆదివారం నేనే బండి మీద వచ్చి మార్చి వెళ్తాను.